దారి తప్పిన పట్టుచీర

నేను నల్లగొండ టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో చేరిన కొత్తలో, అక్కడి పెద్ద ఆపరేటరును అందరం అక్కా అనే పిలిచేవాళ్లం. లైను దొరక్క అరిచే షావుకారుకైనా, విసుక్కునే అధికారికైనా ఆమె చెప్పేది ఒకటే మాట: "జర ఆగుండ్రి." ఆ గొంతు వింటే నిజంగానే ఆగేవాళ్లు.

ఒక దీపావళికి ముందు, స్తంభాలు పాతే రోజుకూలీలను పనిలోంచి తీసేశారు. వాళ్లను మళ్లీ పెట్టుకోవాలని మేం సమ్మెకు దిగాం. పండుగ పొద్దున నేను అక్క ఇంట్లో చాయ్ తాగుతుండగా, మా ఎక్స్ఛేంజి అధికారి దగ్గరి కొత్త జవాను వచ్చి ఒక పొట్లం ఇచ్చాడు.

"సారు పంపిండమ్మా. సమ్మె బంద్ చేయుమని మీ ఇంటాయనకు చెప్పాల్నట" అని వెళ్లిపోయాడు.

విప్పితే పట్టుచీర. అక్క భర్త పోయి ఏళ్లయింది. పక్కిల్లు మా యూనియన్ నాయకుడిది. ఇల్లు తప్పిందని ఇద్దరికీ అర్థమైంది.

"అమ్ముడువోయిండక్కా! ఇప్పుడే అందరికీ చెప్త" అంటూ లేచాను.

"జర ఆగు తమ్మీ. ఆయన అడిగిండని నీకెవరు చెప్పిన్రు? చేతికి రాకముందే దొంగను చేస్తమా? ఈ మాట బయటవడితే కూలోళ్ల గతేంది?"

నన్ను వెంటబెట్టుకుని వెళ్లి, చీరను అధికారి బల్ల మీద పెట్టింది. "కూలోళ్లను పనిల వెట్టుకోండ్రి సారూ. మాకు గదే పండుగ" అంది. ఆయన చీరను గబుక్కున సొరుగులోకి తోశాడు.

ఆ వారంలోనే కూలీలు పనిలోకి వచ్చారు. గేటు దగ్గర నాయకుడి మెడలో దండ వేశాం. అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టింది అక్కే.