చెత్తగొట్టంలో హనుమంతప్ప

హనుమంతప్పకు మనిషిని ఎదురుగా పెట్టుకుని తిట్టడం చేతకాదు. మెట్ల మీద కనబడితే "బాగుండావా నాయనా" అని మెత్తగా చేయి పట్టుకునేవాడు. తిట్టాలంటే మాత్రం ఆయనకు చెత్తగొట్టమే కావాలి.

అనంతపురంలో ఆ నాలుగంతస్తుల బిల్డింగు కట్టినాయన బెంగళూరులో చూసొచ్చి పెట్టించిన గొట్టం అది. ప్రతి వంటింటి పక్కనా ఒక ఇనుప మూత. మూత తీసి చెత్త వదిలితే కింద వెనక గదిలో పడుతుంది. తాగడానికే ట్యాంకరు కోసం కొట్లాడుకునే ఊళ్లో గొట్టం కడిగేదెవరు? మూత తీయగానే ముందు వాసన వచ్చేది. దాని వెనకే హనుమంతప్ప గొంతు. కదిరి బస్టాండులో ఏళ్ల తరబడి ప్యాసింజర్లను కేకేసి పిలిచిన గొంతు. మొదటి అంతస్తులో ఆయన నోరు తెరిస్తే నాలుగో అంతస్తులో గిన్నెలు మోగేవి. సెల్‌ఫోన్లు ఇంకా అందరి చేతికీ రాని రోజులు. ఆ బిల్డింగుకు మాత్రం ఆ కొరత లేదు.

"జయంతమ్మా, రాత్రి చారు మాడబెట్టినావే, మీ ఆయన తిన్యాడా, ఇందులోనే పోసినాడా?"

నాలుగో అంతస్తు జయంతి గరిటెతో సహా వచ్చి మూత తెరిచేది. "నా చారు జోలికొస్తే బాగుండదప్పా, చెప్తాండా."

రోజూ పొద్దున ఇదే సుప్రభాతం. అందులో పెద్ద వాటా మూడో అంతస్తు రాఘవేంద్రది. డిగ్రీ అయిపోయి ఏళ్లు గడిచినా ఉద్యోగం లేదు. ఇంట్లోవాళ్లు ఆ సంగతి మర్యాదకు మరిచిపోయినట్టుంటే, హనుమంతప్ప గొట్టంలో చాటింపు వేసేవాడు.

"రాఘవేంద్రా, పేపర్లో ఉద్యోగాలు ఎతుకుతాండావా, శనక్కాయ పొట్టు చుట్టి పారేస్తాండావా?"

ఒక పొద్దు ఈ మాటకు అన్ని వంటిళ్లూ నవ్వాయి. రాఘవేంద్రకు ఒళ్లు మండింది. ఈ ఊళ్లో వాన పడదు, ఉద్యోగం రాదు, తిట్లకు మాత్రం కరువు లేదు. మూలనున్న పగిలిన ట్యూబులైటు తీశాడు. గొట్టంలో వదలబోయి ఆగాడు. అలా వేస్తే కసి తీరదు, ముసలాయన ముఖం మీదే అడగాలి. దాన్ని పట్టుకునే మొదటి అంతస్తుకు మెట్లు దిగాడు.

హనుమంతప్ప మూత దగ్గర నిలబడి, తిడుతూ తిడుతూ వెనక వసారా కటకటాల్లోంచి కిందికి చూస్తున్నాడు. రాఘవేంద్ర కూడా చూశాడు. తెరిచిన తలుపులోంచి వెనక గదిలో చెత్త ఎత్తే సుంకమ్మ కాళ్లు మాత్రమే కనబడ్డాయి. మిగతా మనిషి గొట్టం కొసలోకి దూరి, ఇరుక్కున్న పొట్టు లాగుతోంది.

"పోయిన ఎండాకాలం పైనుంచి సీసా పడి ఆయమ్మ తల పగిలె," అన్నాడు హనుమంతప్ప మెత్తగా. "ఆయమ్మ లోపలున్నప్పుడు ఏమీ వేయొద్దండని ఇంటింటికీ పోయి మొక్కితి. సరేనప్పా అనిరి. మర్నాడే వేస్తిరి. అందుకే ఈ తిట్లు. మూత కాడ నిలబడి నాతో కొట్లాడేవాళ్లు ఇంక చెత్త యాడ వేస్తారు నాయనా?"

రాఘవేంద్ర ట్యూబులైటును మెల్లగా గోడకు ఆనించాడు. కోపం పోలేదు, దారి మార్చుకుంది.

"ఇంగా సగం పనుండాది. నా గొంతు పోయె," అని హనుమంతప్ప దగ్గాడు. అంతలో పైన ఎవరిదో మూత కిర్రుమంది.

రాఘవేంద్ర ఆయన్ను పక్కకు జరిపి గొట్టంలోకి అరిచాడు. "జయంతక్కా, నీ చారు సంగతి ఈయన సగమే చెప్పినాడు!"

పైన గరిటె మోగింది. మూతలన్నీ తెరుచుకున్నాయి. మూడో అంతస్తు నుంచి వాళ్ల నాయన గొంతు దిగింది. "ఒరే, ఉద్యోగం చూసుకోమంటే ఇదేనా నువ్వు చూసుకున్యది?"

"అవు నాయనా. దొరికినాది. పొద్దున డ్యూటీ."

హనుమంతప్ప అతని చేయి పట్టుకున్నాడు. ఎప్పటి మెత్తని గొంతుతోనే అన్నాడు:

"ఇంగొంచెం గట్టిగా తిట్టు నాయనా."