మాల్యాద్రి గారి బొగ్గు కుప్ప

చిన్నగా బాగున్నది పెద్దగా కూడా బాగుంటుందంటే మా మాల్యాద్రి గారు చచ్చినా నమ్మరు. ఇడ్లీ బాగుందంటే, వెయ్యి మందికి చేస్తే ఇట్లాగే ఉంటుందా అంటారు. ఉయ్యాలలో పసిబిడ్డ నవ్వినా, పెద్దయితే ఏమవుతుందో అని దిగాలు పడతారు.

అలాంటి మనిషిని తోటపల్లి గూడూరు తీరంలో మా బొగ్గు ప్లాంటుకు అధికారిని చేశారు. చెమ్మ బొగ్గును ఆరబెట్టి మేలు రకంగా మార్చే చిన్న నమూనా ప్లాంటు అది. చక్కగా నడుస్తోంది. దీన్నే వంద రెట్లు పెద్దది కట్టాలని కంపెనీకి ఆత్రం. ఆయనేమో ఒప్పుకోరు. బస్తాల్లో బొగ్గు చల్లగానే ఉంది కదా సార్ అంటే, "కుప్ప పోస్తే?" అంటారు. బస్తాకూ కుప్పకూ తేడా ఏమిటో ఆయన కింద పనిచేసే నాకే అంతుపట్టలేదు.

చివరికి పెద్ద కుప్ప పోసి చూడాలని తేల్చారు. కంపెనీ చూపించిన చోటు చేపలు పట్టేవాళ్ల పూరిళ్ల పక్కన ఖాళీ దిబ్బ. మాల్యాద్రి గారు లారీలను మళ్లించి తన క్వార్టరు పెరట్లో పోయించారు. ఎందుకంటే బొగ్గు వాసన తనకిష్టమట. నాకు మతిపోయింది. ఉతికిన చీరలు నల్లబడుతున్నాయని భార్య రోజారమణి గారు అలిగి కోట అనే ఊళ్లో ఉన్న పుట్టింటికి బయల్దేరితే, ఆయన ఆపకపోగా దగ్గరుండి బస్సెక్కించి వచ్చారు. ఆ పూరిళ్ల నుంచి చేపలమ్మడానికి వచ్చిన మాలకొండమ్మ గోడ మీదుగా తొంగి చూసి, సారుకు గాలేమన్నా సోకిందా అని అడిగింది. నాకూ అదే అనుమానమని చెప్పాను.

ఓ మధ్యాహ్నం కుప్ప పొగలు కక్కి, దానంతటదే అంటుకుంది. ఆయన ముందే వేయించి ఉంచిన నీళ్ల గొట్టాలతో ఆర్పేలోపు పెరటి వసారా కాలిపోయింది. ఆరబెట్టిన బొగ్గు గాలి తగిలి వేడెక్కుతుందట. బస్తాలో ఆ వేడి బయటికి పోతుంది, కుప్పలో లోపలే ఉండిపోతుంది. అప్పటికి గానీ నా బుర్రకెక్కలేదు.

డైరెక్టరు గారు వచ్చి, చెప్పిన చోట ఎందుకు పోయలేదని నిలదీశారు.

"పెద్ద కుప్పయితే ఏమవుద్దో నాకూ తెలీదు సార్. తెలీనిదాన్ని తీసుకుపోయి పూరిళ్ల పక్కన పెడతామా?"

 ముందు కుప్ప చల్లగా ఉండే దారి కనిపెట్టండి, పెద్ద ప్లాంటు సంగతి తర్వాత చూద్దామని చెప్పి డైరెక్టరు గారు వెళ్లిపోయారు. మా సారు మీద నాకు పట్టరానంత ప్రేమ పుట్టింది.

సాయంత్రానికి రోజారమణి గారు పుట్టింటి నుంచి వచ్చి, వసారా బూడిద చూసి నడుం మీద చెయ్యి పెట్టుకున్నారు.

"మరి మనిల్లు కాలిపోయుంటే?"

"మనిల్లు కంపెనీది గదే. వాళ్లిల్లు వాళ్లదే," అన్నారాయన తల గోక్కుంటూ.

ఆవిడ బూడిదలోంచి తన కుట్టుమిషను చక్రం పైకి లాగారు. "ఇది మటుకు కంపెనీది కాదు," అన్నారు, నవ్వు దాచుకోలేక.