ఏ కమ్యూనిటీ అమ్మా?

కోవిడ్ తగ్గాక, షార్జా రోలాలోని మా ట్రావెల్ ఆఫీసులో ఆఫ్రికా సఫారీలు అమ్మే పని నా నెత్తిన పడింది. సింహాన్ని నేనూ ఫోన్‌లోనే చూశాను. అయినా తొణక్కుండా అమ్మేదాన్ని.

ఒకసారి కెన్యా నుంచి ఒకావిడ వచ్చింది. వాళ్ళ మసాయి తెగ పల్లెవాళ్ళు తమ మేత భూముల్ని అడవి జంతువులకు వదిలి, పక్కనే యాత్రికులకు గుడారాల బస నడుపుతున్నారు. ఊరి బడీ ఆసుపత్రీ దాని మీదే నడవాలి. కోవిడ్‌లో గుడారాలు ఖాళీ. ఈసారీ నిండకపోతే భూమికి కంచె వేసి గోధుమ సాగుకి ఇచ్చేద్దామని ఊళ్ళో సగంమంది పట్టుబడుతున్నారట. "కంచె పడితే ఏనుగులకు దారి ఉండదు" అంది ఆవిడ. ఆ గుడారాలు ఎలాగైనా నింపాలనుకున్నాను.

ఈద్ సెలవుల్లో ఎక్కడికైనా వెళ్దామనుకుంటున్న తెలుగు కుటుంబాలు కొన్ని మా ముదీర్‌కి, అదే మేనేజరుకి, దొరికాయి. "యల్లా, మీవాళ్ళేగా, ఖలాస్ చేసుకుని రా" అని నన్నూ ఆవిడనూ ఒకరింటికి తోలాడు.

హాలు నిండా మనవాళ్ళు, చేతుల్లో పకోడీలు. "ఇది మామూలు హోటల్ కాదండీ. పూర్తిగా కమ్యూనిటీ వాళ్ళే నడుపుతారు" అన్నాను.

నమలడం ఆగింది.

"ఏ కమ్యూనిటీ అమ్మా?" అన్నారు గుంటూరు పెద్దాయన, గొంతు తగ్గించి.

నాలుక కరుచుకున్నాను. మనవాళ్ళకి ఆ మాటంటే కులమే. షార్జాలో అద్దెకు గది అడిగిన ప్రతిచోటా నన్నూ ఇదే అడిగారు. వింటే ఒళ్ళు మండుతుంది. కానీ ఏనుగులు గుర్తొచ్చి మింగేశాను.

"మసాయి అండీ."

"అంటే, మనలో ఎవరి కిందికి వస్తారు?"

ఏమంటున్నారని ఆవిడ నన్నడిగింది. మీ కమ్యూనిటీ గురించి తెలుసుకోవాలట అన్నాను. అబద్ధమేం కాదు. ఆవిడ ముఖం వెలిగిపోయింది. తను ఇంగ్లీషులో చెబుతూంటే నేను తెలుగు చేస్తూ పోయాను.

పశువులే మా ప్రాణం అంది.

"పసుల కాస్తరా? గట్లయితే మావోళ్లే!" అన్నాడు సిరిసిల్ల ఇంజినీరు.

భూములన్నీ మావే అంది.

"భూములున్నాయా? అయితే మావాళ్ళయ్యుంటారు లెండి." పెద్దాయన సర్దుకుని కూర్చున్నారు.

సింహం మా ఆవును తిన్నా మేం దాన్ని చంపం అంది.

"అంత సాత్వికులంటే మాంసం ముట్టరేమో!" వంటింట్లోంచి ఇంటావిడ ఆశపడింది. పండక్కి ఎద్దును కోస్తామన్న ముక్కను మాత్రం నేను తెలుగు చేయలేదు.

చివరికి ఎవరికి వాళ్ళు మనవాళ్ళేనని ఖాయం చేసుకున్నారు. గుడారాలన్నీ నిండిపోయాయి.

తిరుగు టాక్సీలో ఆవిడ కళ్ళు తుడుచుకుంది. "ఎక్కడికెళ్ళినా సింహాల గురించే అడుగుతారు. మీరు ఎవరని అడిగింది మీవాళ్ళే" అంది. మళ్ళీ తనే, "వాళ్ళు మా ఊరొచ్చినప్పుడు మేమూ ఒక్కొక్కరినీ మీది ఏ కమ్యూనిటీ అని అడిగితే బాగుంటుందా?" అంది.

"తప్పకుండా అడగండి. అందరి ముందూ అడగండి" అన్నాను.