పట్టాల పక్కన పదకొండు ఇళ్లు

మొన్న పంజాగుట్టలో ఒక మాల్‌కు వెళితే, నేలంతస్తులో కొత్తగా కట్టిన బొమ్మ రైలు కనిపించింది. మంచు కొండలు, దేవదారు చెట్లు, ఎర్ర పెంకుల ఇళ్లు, ఇంకా ఆరని చెక్క జిగురు వాసన. పట్టాల పక్కన ఒక్క మనిషి లేడు, ఒక్క తీగమీదా బట్ట ఆరడం లేదు. చుట్టూ మూగిన పిల్లలు కేరింతలు కొడుతుంటే నాకు మాత్రం ఒళ్లు మండింది. ఆ వాసన నన్ను ఎర్రమంజిల్ క్వార్టర్స్‌లోని మా ముందుగదికి, నా పదకొండో ఏటికి లాక్కుపోయింది.

నాన్న ఒక ప్రభుత్వ ఆఫీసులో డ్రాఫ్ట్స్‌మన్. రోజంతా ఎవరో కట్టబోయే వంతెనలకు గీతలు గీసేవారు. ఆ ఏడు దసరా సెలవుల్లో కోఠీ నుంచి బ్యాటరీ రైలు తెచ్చి, తలుపంత ప్లైవుడ్ మీద పట్టాలు బిగించి, "ఊరికే తిరిగితే ఏం బావుంటుందే, మన ఊరు కట్టేద్దాం" అన్నారు. ఇక సెలవులన్నీ అదే పని. అమీర్‌పేట వడ్రంగి దుకాణంలో రంపపు పొట్టు గోనెసంచికి నింపుకొచ్చి, ఆకుపచ్చ రంగులో ఉడికించి, డాబా మీద ఆరబెట్టి గడ్డి చేశాం. పాత కాగితాలు మైదా జిగురులో నానబెట్టి ఎర్రమంజిల్ గుట్ట చేశాం. వాడేసిన టీపొడి మట్టి అయింది, చీపురుపుల్లలకు గుచ్చిన స్పాంజి ముక్కలు వేపచెట్లయ్యాయి. అమ్మ పులిహోర పళ్లెం పట్టుకుని నిలబడి, ఆ చేతులతో తింటారా అని కేకలేసేది.

ఖైరతాబాద్ వైపు పట్టాల పక్కనున్న బస్తీని కట్టింది గ్రేసు. నా క్లాసే. వాళ్ల ఇల్లు ఆ బస్తీలోనే. వాళ్ల నాన్న గోడలకు సున్నాలు వేసేవాడు. డబ్బాల అడుగున మిగిలిన రంగులు తెచ్చి, అగ్గిపెట్టెలకు పూసి, పదకొండు ఇళ్లు చేసి, ఏది ఎవరిదో వేలుపెట్టి చెప్పింది. నేను వాటిని పట్టాలకు దూరంగా పెడితే ఊరుకోలేదు.

"గట్ల కాదే. రైలొస్తే మా ఇంట్ల గిన్నెలు ఊగుతయ్. జర దగ్గరికి జరుపు."

జరిపాను. రైలు ఇళ్లను ఒరుసుకుంటూ పోతుంటే గ్రేసు చప్పట్లు కొట్టింది. నాన్న కళ్లజోడు తీసి, "ఇప్పుడు ఇది మన ఊరు" అన్నారు.

సెలవులయ్యాక దాన్ని మా స్కూలు ప్రదర్శనకు మోసుకెళ్లాం. ఎవరో పెద్ద అధికారి వస్తున్నాడని హెడ్మాస్టరుగారు పొద్దుటే ఒక్కో బల్లనూ చూసుకుంటూ వచ్చి, మా దగ్గర ఆగారు.

"అంతా మస్తుంది సార్. గీ గుడిసెలెందుకు? పెద్దసాబ్ చూస్తే బాగుండదు. తీసేసి పార్కు పెట్టండి."

నాన్న "సరేనండి" అన్నారు. జేబులోంచి స్కేలు తీసి ఇళ్ల కింద దూర్చారు.

"సార్, మా ఇల్లు సుత తీస్తరా?" అంది గ్రేసు.

నాన్న తలెత్తలేదు. గ్రేసు గౌను అంచు ఒడిలా పట్టి, ఊడొచ్చిన ఒక్కో ఇంటినీ అందులో వేసుకుని, గేటు దాటి వెళ్లిపోయింది. ఖాళీ అయిన చోట పచ్చటి పొట్టు చల్లింది ఎవరో కాదు, నేనే. ఆ అధికారి వచ్చాడు, రెండు నిమిషాలు నిలబడ్డాడు, పార్కు బావుందని నా బుగ్గ గిల్లాడు. ఆ బుగ్గ ఇప్పటికీ మండుతూనే ఉంది.

మర్నాడు ఆదివారం. నాన్న నన్ను వెంటబెట్టుకుని గ్రేసు వాళ్లింటికి వెళ్లారు. అప్పుడే చర్చి నుంచి వచ్చినట్టున్నారు, వాళ్లమ్మ తెల్లచీరలో ఉంది. కంగారుగా కుర్చీ వేసింది. నాన్న కూర్చోలేదు.

"తప్పు చేశానమ్మా గ్రేసూ. హెడ్మాస్టరుగారికి కుదరదని చెప్పాల్సింది."

గ్రేసు గుమ్మంలో నిలబడి సూటిగా చూసింది. "మీరు పెద్దోళ్లు సార్. మీరే ఊకుంటే నేనేం చెప్త?"

వాళ్లమ్మ "నోర్ముయ్" అని గదమాయించబోతే నాన్న చెయ్యి అడ్డుపెట్టారు. గోడ అలమారాలో యేసు పటం కింద పదకొండు ఇళ్లూ వరసగా ఉన్నాయి. మళ్లీ పెడదాం రమ్మని అడిగారు నాన్న. "వద్దు సార్. ఈడనే ఉంటయ్" అంది గ్రేసు. నాన్న మళ్లీ ఆ రైలు ముట్టుకోలేదు. వానాకాలం వచ్చేసరికి ప్లైవుడ్‌కు చెదలు పట్టింది.

మాల్ నుంచి ఆ కోపంతోనే ఖైరతాబాద్ దాకా నడిచాను. నాన్న పోయారు. మేమున్న క్వార్టర్స్ కూలగొట్టారు. బస్తీ ఉన్న చోట పొడవాటి గోడ, దాని ముందు కుర్చీలో ఒక వాచ్‌మన్. ఇక్కడి వాళ్లంతా ఎక్కడికి పోయారని అడిగాను.

"ఈడ ఇండ్లేడివి మేడమ్? మొదటి సంది గోడనే ఉన్నది."

"ఉండేవి!" అన్నాను. ఎంత గట్టిగా అరిచానో, దారినపోయే ఇద్దరు ఆగి చూశారు. చూడనీ అనుకున్నాను. మొదటింట్లో కుట్టుమిషన్ అవ్వ ఉండేదనీ, నీలం తలుపు ఇంట్లో బ్యాండుమేళం అన్నదమ్ములుండేవాళ్లనీ చెబుతూ, ఒక్కో ఇల్లూ ఉన్న చోటు వేలుపెట్టి చూపిస్తూ ఆ గోడ చివరిదాకా నడిచాను.