బాపు మారుతడని

మా బిడ్డ మరాఠీ పాఠానికి పట్టిక గీస్తోంది. కథ మొదట్లో తండ్రి ఎలాంటివాడు, చివరికి ఎలా అయ్యాడు, ఏ సంఘటన అతన్ని మార్చింది.

నాందేడ్‌లో నేను చదివిన మరాఠీ బడిలోనూ ఇలాగే నేర్పారు. టీచరమ్మను అక్కడ బాయి అనేవాళ్లం. ఆమె చెప్పిన కథలో కోపిష్ఠి తండ్రి, బిడ్డకు జ్వరం రాగానే కరిగిపోయాడు. మనుషులంతా అంతేనని నమ్మాను.

మా అక్క మరాఠీ అబ్బాయిని పెళ్లి చేసుకుందని బాపు ఆమెతో మాట మానేశాడు. అందుకే నాకు టైఫాయిడ్ వస్తే సంతోషపడ్డాను. నన్ను చూడటానికి అక్క దెగ్లూర్ నుంచి బస్సులో వచ్చింది. బాపు పేపర్ దించలేదు.

"చూసింది గదా, ఇగ పొమ్మను" అన్నాడు అమ్మతో.

నేను అక్క కొంగు పట్టుకున్నాను. "జరసేపు ఆగక్కా, బాపు ఇప్పుడు మారుతడు. మా బాయి చెప్పింది."

అక్క నవ్వింది. "మీ బాయి మన బాపును చూడలే, పిచ్చిదానా."

కథ అబద్ధమని అప్పుడు తోచలేదు. నా జ్వరం చాలలేదనుకున్నాను.

పోయిన నెల అక్క చనిపోయింది. ఇంతకంటే పెద్ద సంఘటన ఇంకేముంటుందని, పాడె లేచేదాకా దెగ్లూర్‌లో వాళ్లింటి ముందు నిలబడి రోడ్డు వైపు చూశాను. బాపు రాలేదు.