బంద్ రోజుల్లో పెరిగిన సంతోషం

2010లో దిల్‌సుఖ్‌నగర్‌లోని ఒక ప్రైవేటు ఆసుపత్రిలో నర్సింగ్ సూపరింటెండెంట్‌గా చేరాను. నర్సులకు డ్యూటీలు వేయడం, వాళ్ళ గోడు యాజమాన్యానికి చెప్పడం నా పని. మొదటిది నా చేతిలో ఉండేది. రెండోది డైరెక్టర్‌గారి చెవి దగ్గర ఆగిపోయేది.

మగవాళ్ళ వార్డులో స్టాఫ్ నర్సు యాదమ్మ. నల్గొండ నుంచి వచ్చి గడ్డిఅన్నారంలో కిరాయికుండేది. రిలీవర్, అంటే తర్వాతి షిఫ్టు నర్సు, లేక తరచూ డబుల్ డ్యూటీ చేసేది. "ఇంకో మనిషినియ్యకుంటే నౌకరి బంజేస్త మేడమ్" అంది. వార్డుకు మరో నర్సును అడిగాను. డైరెక్టర్‌గారు ఉదారంగా నర్సులందరికీ ఆన్‌లైన్ కోర్సు కొన్నారు. సానుకూల మనస్తత్వశాస్త్రమట. డ్యూటీ దిగాక కంప్యూటర్ ముందు కూర్చుని, ఆ రోజు జరిగిన మంచిని తలచుకుని, పదికి ఎంత సంతోషంగా ఉన్నారో నొక్కాలి. అలసట మనసులోనే పుడుతుందని పాఠం చెప్పింది. వాచిన కాళ్ళ ప్రస్తావన లేదు.

యాదమ్మ ఒకటో రెండో నొక్కేది. ఇంతలో తెలంగాణ కోసం వరుసగా బంద్‌లు వచ్చాయి. ఆ వారం తొమ్మిది నొక్కింది. ఆడవాళ్ళ వార్డులోనూ మార్కులు అలాగే పెరిగాయి.

"చూశారా మేడమ్, కోర్సు ఎలా పనిచేసిందో? ఇంక కొత్త నర్సు ఎందుకండీ?" అన్నారు డైరెక్టర్‌గారు. యాదమ్మను పిలిపించాను.

"కోర్సు కాదు సార్, బంద్. బస్సులు లేవు, ఓపీకి ఎవ్వలు రాలే. ఆపరేషన్లు వాయిదా వడ్డయి. కూసుండి బువ్వ తిన్న."

"అంటే బంద్ మంచిదంటావా?"

"మీ కోర్సు కంటె నయమే సార్."

మంత్రం చదివిన రోజే వాన పడితే ఘనత మంత్రానికే ఇచ్చే దేశం మనది. పరీక్షించి తేల్చుకుందామన్నాను. ఒక నెల మగవాళ్ళ వార్డుకు కోర్సు ఆపి నర్సునివ్వండి, ఆడవాళ్ళ వార్డుకు కోర్సే ఉంచండి, మార్కులు మాత్రం అందరూ నొక్కాలి అన్నాను. కోర్సు మీద అపారమైన నమ్మకంతో ఆయన ఒప్పుకున్నారు.

ఆ నెల బంద్‌లు లేవు. మగవాళ్ళ వార్డు మార్కులు తగ్గలేదు. ఆడవాళ్ళ వార్డువి నేలకు దిగాయి. వాళ్ళు పాఠాలు శ్రద్ధగా విన్నట్టు లేదన్నారు డైరెక్టర్‌గారు. అయినా కొత్త నర్సును తీసేయలేదు. యాదమ్మ ఉద్యోగం మానలేదు. ఆడవాళ్ళ వార్డుకు మనిషిని రాబట్టడానికి మరో ఏడాది పోట్లాడాను.

ఆ పాఠాల్లో తప్పేమీ లేదు. కూర్చునే తీరిక ఉన్నవాళ్ళకు పనికొస్తాయి. నర్సు అలసటకు కారణం వెతికేవాళ్ళు ఆమె మనసు కంటే ముందు డ్యూటీ చార్టు చూడాలని అక్కడ నేర్చుకున్నాను.