వియ్యంకుడి బస్తా

పోయిన నెలలో ఒక మంగళవారం, హసన్‌పర్తి కాలేజీలో నేను పాఠం చెబుతుండగా ప్యూను తలుపు దగ్గరికి వచ్చి, "మేడం, మీ పెద్దబాపు పోయిండట. దవాఖాన నుంచి ఇంటికి తీస్కపోయిండ్రట" అన్నాడు. మా నాన్నకు అన్న ఆయన. మర్నాడు పేపర్లో ఎక్కడా ఆయన పేరు లేదు. బతికుండగా ఒక్కసారే వచ్చింది, పన్నెండేళ్ల కింద, అబద్ధాలకోరని. ఆ కోపం నాకింకా చల్లారలేదు. అందుకే ఇది రాస్తున్నాను.

పెద్దబాపు వరంగల్ మార్కెట్లో సరుకు చూసి నాణ్యం చెప్పే మనిషి. చేతిలో ఎప్పుడూ మూరెడు ఇనుప గొట్టం ఉండేది. దాని వాడి కొనను బస్తాలో గుచ్చి లాగితే గుప్పెడు గింజలు అరచేతిలో పడేవి. రెండు గింజలు పంటి కింద వేసుకొని, ఎండినవో పచ్చివో చప్పుడును బట్టి చెప్పేవాడు. ఆ తర్వాత గోనెకు పడ్డ కన్నాన్ని బొటనవేలితో రుద్ది రుద్ది పూడ్చేవాడు. అమ్మేవాడి గింజ ఒక్కటి కూడా నేల పాలు కావొద్దని ఆయన పట్టుదల. నన్ను వెంట తీసుకుపోయిన రోజుల్లో, "ముందల బస్తాలు అందరికి సూపెట్టేటియి బిడ్డా. ఎనక గోడకు ఆనిన బస్తా గుచ్చు" అనేవాడు.

ఆ మాట ఆయనే ఒకసారి తప్పాడు.

ఆయన ఒక్కగానొక్క కూతురిని, అంటే మా అక్కను, పప్పుమిల్లు ఉన్న ఇంటికి ఇచ్చారు. ఊళ్లో ఒక చిన్న సహకార బ్యాంకు ఉండేది. వ్యాపారి తన బస్తాలు గోదాంలో పెడితే, బ్యాంకు దానికి తన తాళం వేసి, ఆ సరుకు మీద అప్పు ఇచ్చేది. లోపల సరుకు నిజంగా ఉందని సంతకం పెట్టే పని పెద్దబాపుది. ఆ సంతకం ఉందనే నర్సంపేట వైపు రైతులు పంట డబ్బు తెచ్చి ఆ బ్యాంకులో దాచుకున్నారు. అక్క పెళ్లయిన ఏడాదే వియ్యంకుడి గోదాం చూడాల్సి వచ్చింది. మా వాళ్లలో వియ్యంకుడి బస్తాకు గొట్టం పెట్టరు. పెడితే ఇచ్చిన పిల్లనూ ఆ ఇంటినీ అనుమానించినట్టే లెక్క. పెద్దబాపు గొట్టాన్ని కండువాలో చుట్టుకొని, వాకిట్లో చాయ్ తాగి, సంతకం పెట్టి వచ్చాడు.

ఆరు నెలలకు ఒక ముసలి హమాలీ మార్కెట్లో ఆయన్ను పక్కకు పిలిచాడు. "సేటూ, మీ వియ్యంకుని గోదాంల అరవై బస్తాలు మోసిన. నడుము నొయ్యలే. జర సూసుకో" అన్నాడు.

మళ్లీ సంతకం పెట్టే రోజున పెద్దబాపు వెనక గోడ దాకా నడిచి, గొట్టం గుచ్చాడు. వరిపొట్టు రాలింది. పక్క బస్తాలోనూ పొట్టే. ముందు రెండు వరుసల్లో మాత్రం నిఖార్సయిన పెసలు.

నేరుగా పైఅధికారుల దగ్గరికి పోవాల్సింది. కానీ చుట్టరికం కదా, ముందుగా ఇంటి మనిషికి చెప్పడం మర్యాద అనుకున్నాడు. వియ్యంకుడు నిదానంగా విన్నాడట. "బావా, మేనేజరుకు ఎరుకే, చైర్మనుకు ఎరుకే. ఎరుక లేనిది నీకొక్కనికే. కాయితం మీద సంతకం నీది. నీ బిడ్డకు ఇప్పుడు ఏడో నెల, గది గుడ యాదుంచుకో" అన్నాడట.

ఆ వారం మా ఇంట్లో పొయ్యి సరిగా వెలగలేదు. మా నాన్న దుకాణం ఆ బ్యాంకు అప్పు మీదే నడుస్తోంది, ఆయన పొద్దున్నే పోయి చీకటి పడ్డాకే ఇంటికి వచ్చేవాడు. పెద్దమ్మ మాత్రం కాళ్ల మీద పడ్డంత పని చేసింది. "పిల్ల ఆడ ఉన్నదయ్యా. సంతకం పెట్టి నోర్మూసుకోరాదు" అంది. పెద్దబాపు నన్ను పిలిచి, "నీ రాత మంచిగుంటది, ఫిర్యాదు రాయి బిడ్డా" అన్నాడు. రాశాను. ఆయనే పోయి పైఅధికారులకు ఇచ్చి వచ్చాడు.

తనిఖీకి ఆఫీసర్లు నాలుగు రోజుల తర్వాత వచ్చారు. అందరి ముందు పెద్దబాపు వెనక గోడ బస్తా గుచ్చాడు. పెసలు. ఇంకోటి గుచ్చాడు. పెసలే. పంటి కింద వేసుకుంటే టక్కుమన్నాయి. ఎవరో నవ్వారు. చుట్టాన్ని బదనాం చేయబోయాడని పేపర్లో వేశారు. ఆయన్ను మళ్లీ మార్కెట్లోకి రానివ్వలేదు. తొలి కాన్పుకు అక్కను మా ఇంటికి పంపలేదు. పెద్దబాపు బతికున్నన్నాళ్లూ ఆమెను మా గడప తొక్కనివ్వలేదు.

రెండేళ్లకు బ్యాంకు మూతపడింది. వియ్యంకుడు స్టేషన్ ఘన్‌పూర్‌లో ఇంకో మిల్లు కట్టాడు. డబ్బు పోయిన రైతులు మాత్రం మా అరుగు మీద వచ్చి కూర్చునేవాళ్లు. వాళ్లకు తెలిసిన సంతకం పెద్దబాపుదే మరి. ఫిర్యాదు చేశానని ఆయన ఒక్కరికీ చెప్పలేదు. "నేను గుచ్చకుంట సంతకం పెట్టిన. తప్పు నాది" అనేవాడు, వచ్చిన ప్రతి మనిషితో, పదేళ్లు. ఎవరికీ ఏమీ తిరిగి రాలేదు. నేను ఆయన పక్కన కూర్చొని నిజం చెప్పాల్సింది. చెప్పలేదు, నాకూ భయమే.

ఆయన పోయిన పదో రోజున వియ్యంకుడి ఇంటి నుంచి ఆనవాయితీ ప్రకారం బియ్యం బస్తా వచ్చింది, అరుగు మీద దించారు. దాంతో పాటు జీపులో అక్క కూడా వచ్చింది. జుట్టు సగం నెరిసింది. నేరుగా లోపలికి పోయి, మేకుకు వేలాడుతున్న గొట్టం తీసుకొచ్చి, చుట్టాలందరి ముందు తన అత్తింటి బస్తాలో గుచ్చింది. తెల్లటి సన్నబియ్యం ఆమె అరచేతిలో పడ్డాయి. రెండు గింజలు నోట్లో వేసుకొని కొరికింది.

"మంచి బియ్యమే చెల్లె," అంది నాతో. "అందరు సూస్తున్నప్పుడు వాండ్లయి మంచియే ఉంటయి."

బయట జీపు హారన్ కొట్టారు. అక్క గొట్టాన్ని నా చేతిలో పెట్టి వెళ్లిపోయింది. గోనెకు పడ్డ కన్నాన్ని పూడ్చాలని మాలో ఎవరికీ తోచలేదు. పెద్దబాపు కూర్చునే అరుగు మీదికి గింజలు ఒకటొకటిగా రాలుతూనే ఉన్నాయి.